‘ఇది మన చరిత్ర కాదుగా’ అంటున్న అబ్బాయి

ప్రశ్న: మేం డాలస్ ఉత్తర శివారులో ఉంటున్నాం. రెండేళ్ళ క్రితం హైదరాబాద్ నుంచి వచ్చాం. మా అబ్బాయి అక్కడ ఎనిమిదో తరగతి పూర్తి చేసి, ఇక్కడ తొమ్మిదిలో చేరాడు. ఇప్పుడు పదకొండు. లెక్కలు, ఫిజిక్స్‌లో ఢోకా లేదు. స్నేహితులు తీసుకున్నారని వీడూ ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి) యూఎస్ హిస్టరీ తీసుకున్నాడు. రాత్రి పదకొండు దాకా కూర్చుని తేదీలన్నీ బట్టీ పట్టి వెళ్తాడు. తీరా చూస్తే వ్యాసానికి ఏడుకి రెండు మార్కులు. ‘ఇది మన చరిత్ర కాదుగా, నాకెందుకమ్మా ఇదంతా’ అంటాడు. జీపీఏ పాడవుతుంది, ర్యాంకు పోతుంది, మామూలు క్లాసుకు మార్పించేద్దాం అని మా వారి గొడవ. దీనికి తోడు క్లాసులో విన్నవేవో చెప్తే భోజనాల దగ్గర తండ్రీకొడుకులకు వాదన. లింకన్, కెనడీ పేర్లు తప్ప నాకీ దేశ చరిత్ర తెలియదు. నేనెలా సాయం చేయాలి? ట్యూటర్‌ని పెట్టమంటారా?
— ఒక తల్లి

సమాధానం:

ముందు ఆ ఏడుకి రెండు సంగతి చూద్దాం. మీ వాడి పేపరు చూడకపోయినా ఆ రెండు మార్కులు ఎక్కడివో దాదాపుగా చెప్పగలను.

ఏపీ హిస్టరీలో పిల్లల్ని ఏడిపించేది డీబీక్యూ అనే వ్యాసం. ఏడు పత్రాలిస్తారు. ఒక ఉపన్యాసం, ఒక ఉత్తరం, ఒక కార్టూన్, ఒక కోర్టు తీర్పు, ఇలా. వాటిని చదివి, గంటలో ఒక వాదన నిలబెట్టాలి. వాదన ఏమిటో స్పష్టంగా చెప్తే ఒక మార్కు. ఆ కాలం నేపథ్యం చెప్తే ఒకటి. పత్రాలను వాదనకు వాడుకుంటే రెండు, పత్రాల్లో లేని సంగతి ఒకటి బయటినుంచి తెస్తే మరొకటి. ఆ మాట ఎవరన్నారు, ఎందుకన్నారు, ఎవరితో అన్నారు అని తరచి చూస్తే ఒకటి. విషయంలోని మెలికను పట్టుకుంటే చివరిది. తేదీలు బట్టీ పట్టిన పిల్లాడు నేపథ్యం రాయగలడు, బయటి సంగతి ఒకటి తేగలడు. అక్కడితో రెండు. మిగతా అయిదూ జ్ఞాపకశక్తికి వచ్చే మార్కులు కావు.

అంటే మీ వాడు చదవడం లేదని కాదు. మనకు అలవాటైన పద్ధతిలో చదువుతున్నాడు. ‘మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలు వ్రాయుము’ అంటే ఆరు పాయింట్లు వరసగా రాసి, కింద గీత కొట్టి ఫుల్ మార్కులు తెచ్చుకున్న పిల్లాడు. ఇక్కడ ఆ ఆరింటిలో ఏది ముఖ్యం, ఎందుకు, కాదనేవాడికి నీ జవాబేమిటి అని అడుగుతారు. ఆ ప్రశ్న వాడినెవరూ ఇంతవరకూ అడగలేదు.

ఇంకో కారణం కూడా ఉంది. దీన్ని మీ వారికి తప్పకుండా చెప్పండి. టెక్సస్‌లో పిల్లలు ఎనిమిదో తరగతిలో 1877 దాకా అమెరికా చరిత్ర చదువుతారు. అంతకుముందు అయిదో తరగతిలోనూ కొంత చెప్తారు. మీ వాడు తొమ్మిదిలో చేరాడు కాబట్టి ఆ రెండూ తప్పిపోయాయి. పక్కన కూర్చున్న పిల్లలకు రెండుసార్లు విన్న కథ, వీడికి మొదటిసారి. అయినా వాళ్ళతో పాటు నెట్టుకొస్తున్నాడంటే మెచ్చుకోవాల్సిందే. ఈ లోటు పూడ్చడానికి మొత్తం ఎనిమిదో తరగతి పుస్తకం ఒకేసారి తిరగేయక్కర్లేదు. ముందు అంతర్యుద్ధం ముగిసిన 1865 నుంచి 1877 దాకా ఉన్న పన్నెండేళ్ళు గట్టిగా చదివించండి. బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణ, పౌరసత్వాన్నీ చట్టం ముందు సమానత్వాన్నీ రాసిన 14వది, జాతి పేరుతో ఓటు హక్కును కాదనకూడదన్న 15వది ఆ కాలానివే. తర్వాత నూరేళ్ళ కోర్టు కేసుల్లో సగం 14వ సవరణ చుట్టూనే తిరుగుతాయి. అది రాకపోతే, బడుల్లో నల్ల, తెల్ల పిల్లలను వేరుచేయకూడదన్న 1954 నాటి బ్రౌన్ తీర్పు కూడా ఒక తేదీగానే మిగిలిపోతుంది.

ఇక ‘మన చరిత్ర కాదుగా’ అన్న మాట. మీ వాడితో వాదన పెట్టుకోకండి. మీ ఇంట్లో ఉన్న కొన్ని కాగితాలు వాడి ముందు పెట్టండి. చరిత్ర తెలియదని మీరు దిగులు పడుతున్నారు కానీ, ఈ కాగితాల సంగతి మీకు వాడికంటే బాగా తెలుసు.

మొదటిది మీ వారి జీతం చీటీ, అదే పే స్టబ్. అందులో సోషల్ సెక్యూరిటీ అని 6.2 శాతం, మెడికేర్ అని 1.45 శాతం కోత కనిపిస్తుంది. ఎందుకు కోస్తున్నారో కనుక్కోమనండి. మొదటి కోత వెనక 1929లో కుప్పకూలిన షేర్ మార్కెట్, దివాలా తీసిన బ్యాంకులు, పనిలేక రోడ్డున పడ్డ జనం, వాళ్ళను ఆదుకోవడానికి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ తెచ్చిన న్యూ డీల్ పథకాలు ఉన్నాయి. ముసలితనంలో ఇంత ఆధారం ఉండాలని 1935లో సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చింది. ఇంతవరకు ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. వాడి చేత ఇంకో మెట్టు దిగించండి: ఆ చట్టం మొదట్లో పొలం పనివాళ్ళకూ ఇళ్ళలో పనిచేసేవాళ్ళకూ వర్తించలేదు. దక్షిణాది రాష్ట్రాల్లో ఆ పనులు చేసేది ఎక్కువగా నల్లజాతివాళ్ళు. అందరికీ మేలు చేసిన చట్టమే కొందరిని గడప బయట ఉంచిందన్న మాట. డీబీక్యూలో చివరి మార్కు ఇలాంటి చోటే దొరుకుతుంది.

రెండో కోత, వృద్ధుల వైద్యానికి పెట్టిన మెడికేర్, 1965 జులైలో వచ్చింది. అంతకు ఏడాది ముందే, 1964లో, పౌరహక్కుల చట్టం అయింది. ప్రభుత్వ డబ్బు తీసుకునే ఏ సంస్థా జాతి వివక్ష చూపకూడదని అందులో ఒక భాగం ఉంది. మెడికేర్ డబ్బు కావాలంటే ఆసుపత్రులు ఆ షరతుకు తల ఒగ్గాలి. అప్పటిదాకా తెల్లవాళ్ళకు ఒక వార్డు, నల్లవాళ్ళకు ఒక వార్డు నడుపుతూ వచ్చిన దక్షిణాది ఆసుపత్రులు కొన్ని నెలల్లోనే గోడలు తీసేయాల్సి వచ్చింది. ఉపన్యాసాలకు కరగనివాళ్ళు డబ్బు దగ్గర దిగొచ్చారు. వృద్ధులకు వైద్యం ఉచితమో చవకో అయ్యేసరికి డాక్టర్ల అవసరమూ పెరిగింది. సరిగ్గా అదే ఏడాది అక్టోబర్ 3న వలస చట్టం మారింది. గుంటూరు, విశాఖ, ఉస్మానియా మెడికల్ కాలేజీల్లో చదివిన డాక్టర్లు 1960ల చివర్లో, 70లలో విమానం ఎక్కడం వెనక ఈ రెండూ కలిసి ఉన్నాయి. ఇవాళ మీ ఊళ్ళో గుడి, తెలుగు సంఘం ఉన్నాయంటే ఆ తరం వేసిన పునాదే కదా.

రెండో కాగితం మీ వీసా ఫైలు. దీని దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే మీ వాడికి ఒక వ్యాసానికి సరిపడా సరుకు ఇందులో ఉంది.

1917లో వచ్చిన చట్టం ఆసియాలో చాలా భాగం నుంచి వలసను మూసేసింది, భారతదేశంతో సహా. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ సుప్రీంకోర్టు ముందుకు వచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. అప్పట్లో పౌరసత్వం తెల్లవాళ్ళకు, ఆఫ్రికా మూలాలున్నవాళ్ళకు మాత్రమే. ‘నేను కాకేషియన్ జాతివాణ్ణి, కాబట్టి తెల్లవాణ్ణే’ అని ఆయన వాదన. మూడు నెలల ముందే ఇదే కోర్టు, ఒజావా అనే జపనీయుడి కేసులో, తెల్లవాడంటే కాకేషియన్ అని తీర్పు చెప్పింది. థిండ్ ఆ మాటనే పట్టుకున్నాడు. అప్పుడు కోర్టు మాట మార్చి, శాస్త్రం ఏం చెప్పినా సరే, మామూలు మనిషి దృష్టిలో తెల్లవాడెవడో అతనే తెల్లవాడు అంది. ఆ తర్వాత అప్పటికే పౌరసత్వం ఉన్న భారతీయుల దగ్గర నుంచి కూడా దాన్ని లాక్కున్నారు. భీమవరంలో పుట్టి, హార్వర్డ్‌లో పరిశోధన చేసి, లెడర్లీ కంపెనీలో మందులు కనిపెట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో బతికిన కాలంలో ఎక్కువ భాగం ఈ తీర్పు నీడలోనే గడిచింది. 1946లో ల్యూస్-సెల్లర్ చట్టం వచ్చాకే భారతీయులకు పౌరసత్వం తీసుకునే వీలు కలిగింది. అప్పుడైనా ఏడాదికి వందమందే వలస రావచ్చన్నారు.

ఇక 1965 చట్టం. స్వేచ్ఛా విగ్రహం పాదాల దగ్గర కూర్చుని అప్పటి అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేశాడు. ఇదేమీ విప్లవాత్మకమైన బిల్లు కాదు, లక్షలాది మంది జీవితాలను మార్చేదీ కాదు అని ఆ రోజు ఆయనే అన్నాడు. 1960లో ఈ దేశంలో భారతదేశంలో పుట్టినవాళ్ళు సుమారు 12 వేలు. ఇప్పుడు 27 లక్షలకు పైమాటే.

ఇప్పుడు మీ వాడి చేత జాన్సన్ మాట మీద నాలుగు వాక్యాలు రాయించండి. మొదట వాడు రాసేది ఇలా ఉంటుంది: ‘1965లో జాన్సన్ వలస చట్టం మీద సంతకం చేశాడు. అది విప్లవాత్మకం కాదని అన్నాడు.’ పత్రాన్ని తిరిగి అప్పజెప్పాడు అంతే, దీనికి పెద్దగా మార్కులు రావు. ఆ మాట ఎవరికి వినిపించాలని అన్నాడు అని అడగండి. కొంచెం ఆలోచిస్తాడు. చట్టం వల్ల దేశం రంగు మారిపోతుందని భయపడేవాళ్ళు అప్పుడు చాలామందే ఉన్నారు. ఒహాయోకి చెందిన ఫైఘన్ అనే కాంగ్రెస్ సభ్యుడు బంధువులకు పెద్దపీట వేయాలని పట్టుబట్టాడు. అప్పటికే ఇక్కడున్నది యూరప్ వాళ్ళు కాబట్టి, వాళ్ళ చుట్టాలే వస్తారని ఆయన లెక్క. అప్పుడు వాక్యం ఇలా మారుతుంది: ‘వలసంటే భయపడే ఓటర్లకు ధైర్యం చెప్పడానికి జాన్సన్ ఈ చట్టాన్ని చిన్నదిగా చేసి చూపించాడు. కానీ యూరప్ వలసను కాపాడాలని పెట్టిన బంధుత్వపు నిబంధనే తర్వాత ఆసియా కుటుంబాలకు దారి చూపింది.’ ఈ రెండు వాక్యాల్లో ఎవరితో అన్నాడో, ఎందుకన్నాడో, అనుకున్నదొకటి అయినదొకటి ఎలా అయిందో అన్నీ వచ్చేశాయి. వాడి దగ్గరున్న సమాచారం అప్పుడూ అదే, ఇప్పుడూ అదే.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది, మీ ఇంట్లో అందరికీ తెలిసినదే. జాతులవారీ కోటాలు తీసేసి, యూరప్, ఆసియా, ఆఫ్రికా దేశాలన్నిటికీ సమానంగా హద్దు పెట్టింది ఈ చట్టమే. 1990 చట్టం దాన్ని ఏ దేశానికైనా 7 శాతంగా స్థిరపరిచింది. చిన్న దేశానికీ 7, భారతదేశానికీ 7. సమానత్వం కోసం పెట్టిన నియమమే మీ గ్రీన్‌కార్డు క్యూ అంత పొడుగు కావడానికి ఒక ముఖ్య కారణం. 21 నిండితే మీ వీసా మీద ఉండే వీలుండదు కదా, అప్పుడు తన సంగతేమిటని మీ వాడికి లోపల టెన్షన్ ఉండే ఉంటుంది, బయటికి చెప్పకపోయినా. ‘నాకెందుకు’ అన్న మాటలో ఆ గుబులు కూడా కొంత ఉందేమో చూడండి. ఉండనిస్తారో లేదో తెలియని దేశపు చరిత్ర చదవమంటే ఏ పిల్లాడికి మనసొప్పుతుంది? ఈ విషయం వాడితో తీరిగ్గా ఒకసారి మాట్లాడండి, మార్కుల ఊసెత్తకుండా.

మూడోది మీ ఇంటి చిరునామా. ఇల్లు చూసేటప్పుడు మీరు మొదట అడిగింది స్కూల్ డిస్ట్రిక్ట్ ఏదనే కదా? మన వాళ్ళంతా అంతే. మంచి స్కూలు ఒక చోటే ఎందుకు ఉంది, ఇరవై మైళ్ళ అవతల ఎందుకు లేదు అన్నది ఆధునిక అమెరికా చరిత్రలో పెద్ద ప్రశ్నల్లో ఒకటి. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు 1944 జీఐ బిల్లు చదువుకూ ఇంటి అప్పుకూ చేయూతనిచ్చింది. 1947లో న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్‌తో ఒకే అచ్చులో పోసినట్టు శివారు కాలనీలు మొదలయ్యాయి. అక్కడ నల్లజాతి సైనికుడికి ఇల్లు అమ్మేవాళ్ళు కాదు. ప్రభుత్వ హామీ ఉన్న అప్పులు కూడా నల్లవాళ్ళుండే పేటలకు అందలేదు. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను హత్య చేశారు. సరిగ్గా వారానికే ఇళ్ళ అమ్మకాల్లో వివక్షను నిషేధించే చట్టం మీద సంతకం అయింది. మీరు డాలస్ శివారులో నచ్చిన ఇంటికి ఆఫర్ పెట్టగలిగారంటే ఆ చట్టం అండ ఉంది. దాని కోసం దెబ్బలు తిన్నది మనం కాదు.

స్కూలు డబ్బు ఎక్కువగా ఇళ్ళ పన్ను మీద నడుస్తుంది కాబట్టి, ఖరీదైన ఇళ్ళున్న చోట బడికీ డబ్బుంటుంది. ఇది అన్యాయమని టెక్సస్‌లోనే, శాన్ ఆంటోనియోలోని ఎడ్జ్‌వుడ్ అనే పేద డిస్ట్రిక్ట్ తల్లిదండ్రులు కేసు వేశారు. 1973లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో కుదరదంది. తర్వాత రాష్ట్ర కోర్టుల్లో పోరాడితే 1993లో సంపన్న డిస్ట్రిక్టుల నుంచి కొంత డబ్బు తీసి రాష్ట్రం పంచే పద్ధతి వచ్చింది. జనం దానికి రాబిన్ హుడ్ అని పేరు పెట్టారు. మీ వారు పన్ను కట్టేటప్పుడు దీన్ని తిట్టుకునే ఉంటారు!

ఇక మీ వారు భయపడుతున్న ర్యాంకు. ఈ ర్యాంకు గొడవ కూడా ఆ చరిత్రలోదే. 1996లో హాప్‌వుడ్ కేసులో ఫెడరల్ అప్పీలు కోర్టు, టెక్సస్ యూనివర్సిటీల అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవద్దంది. నల్లజాతి, లాటినో విద్యార్థులు తగ్గిపోతారని 1997లో రాష్ట్ర శాసనసభ ఒక ఉపాయం పన్నింది. ఏ హైస్కూల్లోనైనా సరే, పైనున్న 10 శాతంలో ఉంటే ప్రభుత్వ యూనివర్సిటీలో సీటు ఖాయం. యూటీ ఆస్టిన్‌కు గిరాకీ ఎక్కువై దాని హద్దును తర్వాత ఇంకా కిందికి దించారు. ఈ ఉపాయం ఎందుకు పనిచేస్తుందో మీ వాణ్ణి అడగండి. హైస్కూళ్ళు పేటలవారీగా విడిపోయి ఉన్నాయి కాబట్టే పనిచేస్తుంది. లెవిట్‌టౌన్ నాటి గీతలు చెరిగిపోయి ఉంటే ఈ 10 శాతం నియమానికి పెద్ద అర్థమే లేదు. ఈ రెండు ముక్కలనూ తనంతట తాను కలపగలిగితే మీ వాడికి హిస్టరీ వచ్చినట్టే. 2023లో సుప్రీంకోర్టు దేశం మొత్తం మీద జాతి ఆధారిత అడ్మిషన్లను కొట్టేసిన కేసు గురించి మీ ఇంట్లో చర్చ జరిగే ఉంటుంది. దాని వెనక, బాకీ (Bakke) అనే విద్యార్థి పేరుతో ఉన్న 1978 నాటి కేసు నుంచి వచ్చిన 45 ఏళ్ళ కథ ఉంది.

ఇంకొకటి ఇంటి కాగితాల్లో దొరకదు, ఫోన్‌లో దొరుకుతుంది. ఇండియాలో మీ ఇరువైపులా డెబ్భై దాటిన పెద్దవాళ్ళుంటే మీ వాడి చేత మాట్లాడించండి. కోల్డ్ వార్ పాఠం అప్పుడు బాగా తలకెక్కుతుంది. రేషన్ షాపులో అమెరికా గోధుమలు తీసుకున్న సంగతి వాళ్ళలో చాలామందికి గుర్తుంటుంది. 1954లో వచ్చిన పీఎల్-480 చట్టం కింద వచ్చిన గోధుమలవి. వయ్యారిభామ కలుపు మొక్క వాటితోనే వచ్చిందని ఊళ్ళలో ఇప్పటికీ అంటారు. 1965, 66లో మనకు వరసగా కరువు వచ్చినప్పుడు, వియత్నాం యుద్ధాన్ని భారతదేశం విమర్శిస్తోందన్న కోపం కూడా తోడై, జాన్సన్ ఓడలను నెలకింత అని బిగబట్టి పంపాడు. పౌరహక్కుల చట్టం, మెడికేర్, వలస చట్టం తెచ్చినవాడూ, వియత్నాంకు లక్షల సైన్యాన్ని పంపినవాడూ, మన గోధుమలు బిగబట్టినవాడూ ఒకడే. జాన్సన్ మంచివాడా చెడ్డవాడా అని అడిగితే జవాబు ఉండదు. ఏ పని ఏ ఒత్తిడిలో చేశాడు అని అడిగితే మంచి వ్యాసం అవుతుంది.

విశాఖ వైపు చుట్టాలుంటే ఘాజీ సంగతి అడగమనండి. 1971 డిసెంబర్‌లో విశాఖ తీరం దగ్గర మునిగిన ఆ పాకిస్తాన్ జలాంతర్గామి అమెరికాలో తయారైంది. దాని అసలు పేరు డయాబ్లో. రష్యాకు అడ్డుకట్ట వేయాలన్న లెక్కలో 1960లలో పాకిస్తాన్‌కు ఇచ్చారు. అదే 1971 జులైలో అధ్యక్షుడు నిక్సన్ సలహాదారు కిసింజర్ పాకిస్తాన్ మీదుగా రహస్యంగా చైనా వెళ్ళాడు. చైనాతో స్నేహం కోసం నిక్సన్‌కు పాకిస్తాన్ కావాలి. అందుకే డిసెంబర్ యుద్ధంలో ఎంటర్‌ప్రైజ్ అనే విమానవాహక నౌకను బంగాళాఖాతం వైపు పంపాడు. పుస్తకంలో ‘నిక్సన్ చైనాతో సంబంధాలు మెరుగుపరిచాడు’ అని ఒక్క వాక్యం ఉంటుంది. ఆ వాక్యానికి మన సముద్రంలో ఒక తోక ఉంది.

అయితే ఒక హెచ్చరిక. మనకు సంబంధం ఉన్నదే చదువుతానంటే కుదరదు. పరీక్షలో భారతీయుల గురించి ప్రశ్న వచ్చే అవకాశం తక్కువ. ఇదంతా కారణం నుంచి ఫలితానికి నడవడం నేర్పడానికే. ఆ నడక వచ్చాక 1930ల ఓక్లహోమా దుమ్ము తుఫానుల గురించైనా, 1970ల పెట్రోలు క్యూల గురించైనా వాడే రాసుకుంటాడు. తేదీలు మొత్తం మానేయమనీ కాదు. 1877 తర్వాతి కాలానికి 1898, 1917, 1929, 1941, 1945, 1954, 1965, 1980, 2001 — ఈ పాటి గుర్తుంటే, మిగతావి దేనికి ముందో దేనికి తర్వాతో తెలిస్తే చాలు.

క్లాసు మార్చాలా అంటే, ఇప్పుడే వద్దంటాను. ముందు గ్రేడ్ల చిట్టా తెరిచి మల్టిపుల్ చాయిస్ మార్కులు విడిగా, వ్యాసాలవి విడిగా చూడండి. పరీక్షలో 55 మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలకే 40 శాతం వెయిటేజీ. అవి బాగానే వస్తూ వ్యాసాల్లోనే పోతుంటే, ఉండిపోనివ్వండి. అది మే నెల పరీక్షలోపు నేర్చుకోగలిగిందే. రెండూ అంతంత మాత్రంగా ఉండి, ఆ పేజీలు చదవడానికే రోజూ నిద్ర పాడవుతుంటే, సెమిస్టర్ చివర మామూలు క్లాసుకు మార్చండి. అందులో నామోషీ ఏమీ లేదు. అక్కడ 1877 తర్వాతి చరిత్రే చెప్తారు, రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్ష మాత్రం రెండు క్లాసులకూ అదే. కాకపోతే మీ వారికి ఒక లెక్క చెప్పండి: టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఇంజనీరింగ్ చేసినా 6 క్రెడిట్ గంటల అమెరికా చరిత్ర తప్పదు. ఏపీ పరీక్షలో మంచి స్కోరు వస్తే ఆ భారం కొంతైనా ఇక్కడే దిగిపోవచ్చు. ఎంత స్కోరుకు ఎన్ని క్రెడిట్లో ఆయా యూనివర్సిటీ సైట్‌లో ఉంటుంది, చూసుకోండి.

భోజనాల దగ్గర వాదన గురించి రాశారు. గొడవ దేని మీదో మీరు రాయలేదు కానీ ఊహించగలను. ‘మనం వట్టి చేతులతో వచ్చి కష్టపడి పైకొచ్చాం, వాళ్ళకేం రోగం’ అనే మాట మన ఇళ్ళలో తరచూ వినిపిస్తుంది. మీ వారు అలా అంటారో లేదో నాకు తెలియదు. ఎవరన్నా సరే, ఆ మాట నిలవదు. మనం వట్టి చేతులతో రాలేదు, డిగ్రీలతో వచ్చాం. చదువుకున్నవాళ్ళను ఏరుకునే చట్టం ద్వారా వచ్చాం. ఆ చట్టాన్ని సాధ్యం చేసిన వాతావరణం ఓటు హక్కు కోసం అలబామాలోని సెల్మా వీధుల్లో లాఠీ దెబ్బలు తిన్నవాళ్ళు తెచ్చింది. ఓటు హక్కు చట్టం 1965 ఆగస్టు, వలస చట్టం అదే ఏడాది అక్టోబర్. ఈ విషయంలో నేను మీ వాడి పక్షం. కానీ తండ్రిని ఓడించడానికి చరిత్రను కర్రలా తిప్పవద్దని వాడికీ చెప్పండి. నాన్న అభిప్రాయాన్ని ఆయన ఒప్పుకునేలా రెండు వాక్యాల్లో రాసి, ఆ తర్వాత తన జవాబు రాయమనండి. ఎదుటి వాదనను ఎదుర్కోవడం కూడా ఆ చివరి మార్కు సంపాదించే దారుల్లో ఒకటే. ఇంట్లో కాస్త శాంతి దొరికితే అది మీకు లాభం.

ట్యూటర్ ఇప్పుడే వద్దు. మన కోచింగ్‌లలో చాలావరకు మళ్ళీ నోట్సు ఇచ్చి బట్టీ పట్టిస్తారు, రోగం ముదురుతుంది. మీ స్కూల్లో బడికి ముందో తర్వాతో టీచర్ దగ్గర ట్యుటోరియల్ సమయం ఉంటుంది. పైసా ఖర్చు లేదు. మన పిల్లలు బాగా చదవనివాళ్ళే వెళ్తారని అక్కడికి వెళ్ళడానికి మొహమాటపడతారు. టీచర్‌కు ఈమెయిల్ మీరు కాకుండా వాడి చేతే పెట్టించండి. ‘నా గ్రేడ్ ఎందుకు తగ్గింది’ అని రాయకూడదు. ‘గత డీబీక్యూలో నా వాదన వాక్యం ఇది, దీన్ని ఎలా మార్చి ఉంటే మార్కు వచ్చేది?’ అని ఆ వాక్యాన్ని కింద అతికించి పంపమనండి. ఎనిమిదో తరగతి చరిత్ర ఇక్కడ చదవలేదన్న సంగతి కూడా అందులోనే ఒక లైను రాయమనండి. చాలామంది టీచర్లకు ఆ విషయం ఎవరూ చెప్పరు.